రుద్దేసిన గీత

మొక్కల తోట, వెనక వాకిలి
సోమవారం

మరిదికి,

నా పేరు ఆకురాయి. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంకోటి ఉంది గానీ, దాంతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. ఇనుము కూడా అరిగిపోయేటంత గరుకు నోరని మీ అన్నే మొదట ఈ పేరు పెట్టాడు. తర్వాత వీధంతా అందుకుంది. వయసు డెబ్బై నాలుగు. ఇంట్లో ఉండేది నేను, నా కూతురు, ఒక కుంటి పిల్లి. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే పక్కింటి టైలరమ్మ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాస్తానని కుట్టుమిషను మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది. కాబట్టి ఇందులో అక్షరాలు ఆవిడవి, తిట్లు నావి. తారుమారు చేసుకోకు.

ఇవన్నీ నీకు తెలిసినవే. అయినా చెబుతున్నాను. ఈ కాగితం రేపు నలుగురి ముందు పెట్టాల్సి వస్తే, ఎవరిదో ఏమిటో అని ఎవరూ అడక్కూడదు.

నా ఫిర్యాదు ఇది. కంటి శుక్లం తీయించుకోవడానికి ఆసుపత్రిలో పది రోజులున్నాను. పదకొండో రోజు ఇంటికొచ్చాను. కొత్త చూపుతో మా ఇంట్లో నేను మొట్టమొదట చూసిందేమిటో తెలుసా? ఖాళీ షెడ్డు. మా పొట్టి ట్రాక్టరు నలభై ఏళ్ళు నిలబడ్డ చోట నేల మీద నూనె మరక ఒక్కటే ఉంది. దాన్ని తీసుకెళ్ళడం మర్చిపోయినట్టున్నావు.

నా కూతుర్ని అడిగాను. "బాబాయి లారీ తెచ్చాడమ్మా. నాన్న జ్ఞాపకం కదా, కొత్తదానిలా మెరిపించి ఇస్తానన్నాడు" అంది. మెరవడానికి అదేమన్నా పెళ్ళికూతురా? బాగుచేయించడానికి దానికేం రోగం? ఆసుపత్రిలో చేరింది నేను, అది కాదు. వెళ్ళే ముందు రోజు కూడా దాని మీద కూర్చుని నాలుగు మడులు దున్నాను. ఒక్క కంటితో.

నీ క్లబ్బు సంగతి నాకు తెలుసు. టోపీలు పెట్టుకున్న పదకొండు మంది రిటైరైన మగాళ్ళు. పాత ట్రాక్టర్లు కొనుక్కొచ్చి, రంగులేసి, వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఒక్కడి గోళ్ళలోనైనా మట్టి ఉంటే నన్ను అడుగు. నువ్వు ముప్పై ఏళ్ళు ఆఫీసులో కాగితాల మీద ముద్రలు కొట్టినవాడివి. ఇప్పుడు ముద్రలు కొట్టడానికి కాగితాలు లేక నా ట్రాక్టరు మీద పడ్డావు.

వానలకి రెండు నెలలు టైముంది. అవి పడేలోపు తోటలో కొత్త మడులు దున్నాలి. మొక్కలు డబ్బాల్లో వేళ్ళు చుట్టుకుపోతున్నాయి. ఈ నెలాఖరులోగా నా ట్రాక్టరు నా షెడ్డులో ఉండాలి.

నా కూతురికి ఈ ఉత్తరం సంగతి తెలియదు. దానికి బాబాయి అంటే మహా గౌరవం. ఆ జబ్బు నెమ్మదిగా నయం చేస్తాను.

ఇట్లు,
ఆకురాయి వేలిముద్ర

*

మేడ మీది గది
శుక్రవారం

గౌరవనీయులైన వదినగారికి నమస్కారాలు,

మీ ఉత్తరం అందింది. కంటి ఆపరేషను సవ్యంగా జరిగినందుకు సంతోషం. ఉత్తరంలోని భాషను టైలరమ్మగారి అత్యుత్సాహంగా భావించి క్షమిస్తున్నాను.

వదినగారూ, మీ షెడ్డులో ఇన్నాళ్ళూ ఉన్నది దుక్కి బండి కాదు. అది ఒక అపురూప వస్తువు. ఆ రకం తోట ట్రాక్టర్ల తయారీ ఆగిపోయి యాభై ఏళ్ళు దాటింది. మాకు తెలిసినంతలో నడిచే స్థితిలో ఉన్నవి ఏడే ఏడు. అలాంటి దాని చేత మీరు ఎరువు బస్తాలు మోయిస్తున్నారు. దాని విలువ మీకు తెలియకపోవడంలో మీ తప్పేమీ లేదు.

దాన్ని నట్లతో సహా నాలుగు వందల పన్నెండు భాగాలుగా విప్పాను. ఒక్కొక్కదాన్నీ కిరసనాయిలుతో కడిగి, చీటీ రాసి, ప్లాస్టిక్ సంచిలో వేశాను. పాత కేటలాగు తెప్పించి, అందులోని ఎరుపుకి సరిగ్గా సరిపోయే ఎరుపు కలిపించాను. మూడు పూతలు పడ్డాయి. ఇప్పుడు చూస్తే మీరు గుర్తుపట్టలేరు.

అన్నయ్య గొప్ప మెకానిక్ అనడంలో సందేహం లేదు. కానీ కొన్ని మోటు పనులు చేశాడు. క్లచ్చి పెడల్‌కి ఒక చెక్కదిమ్మ బిగించాడు. సీటు కింది స్ప్రింగులు కోసి సీటుని కిందకి దించాడు. ఫ్లైవీల్, అంటే ఇంజను పక్కన తిరిగే బరువు చక్రం, అంచున ఉలితో రెండు గాట్లు పెట్టాడు, ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా. అసహ్యంగా ఉన్నాయి. వాటిని రుద్దించి, పుట్టీతో నింపించి, పైన రంగు వేయించాను. ఇప్పుడు అక్కడ కంపెనీ వాళ్ళ అసలు గుర్తు ఒక్కటే ఉంది. దిమ్మ తీసేశాను. కొత్త స్ప్రింగులు వేశాను. యంత్రం ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా ఉండాలన్నదే మా క్లబ్బు సూత్రం.

వచ్చే నెలాఖరున మా వార్షిక ప్రదర్శన. రంగుకి ముప్పై మార్కులు, అసలు భాగాలకి నలభై, నడకకి ముప్పై. మన బండి పక్కన ఒక బోర్డు పెట్టిస్తున్నాను: "ఈ యంత్రాన్ని నలభై ఏళ్ళు తన చేతులతో కాపాడిన మా అన్నగారి స్మృతికి. పునరుద్ధరణ: తమ్ముడు." చూస్తే మీకు కళ్ళు చెమర్చక మానవు.

ప్రదర్శన తర్వాత కూడా అది నా దగ్గరే, పైకప్పు కింద ఉండటం క్షేమమని నా అభిప్రాయం. మీ దుక్కి పనికి చిన్న టిల్లరు ఒకటి చూసి పెడతాను.

విధేయుడు,
మీ మరిది

*

మొక్కల తోట, వెనక వాకిలి
బుధవారం

మరిదికి,

నీ ఉత్తరం టైలరమ్మ రెండుసార్లు చదివింది. మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. రెండోసారి నవ్వొచ్చింది. ఆ రెండూ ఏ వరసలో వచ్చాయో అదే వరసలో చెబుతాను.

క్లచ్చికి దిమ్మ ఎందుకుందో తెలుసా? నా కాలు అందదు కాబట్టి. సీటు ఎందుకు దిగిందో తెలుసా? అదీ అందుకే. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు దాన్ని నడిపినవాడు ఆరడుగుల మగాడై ఉంటాడు. నలభై ఏళ్ళుగా నడిపింది నాలుగడుగుల పది అంగుళాల ఆడది. మీ క్లబ్బు సూత్రంలో ఆ పది అంగుళాలకి మార్కులున్నాయా? మనిషికి తగ్గట్టు బండిని మార్చుకుంటే అది మోటు పనా? నీ చొక్కాలు మోటు పనులే అయితే అవి కూడా విప్పి, బట్ట తానులా చుట్టుకుని తిరుగు. టైలరమ్మ "ఇది రాయను" అంటోంది. రాయమ్మా. రాసింది, చూశావా.

ఇక నవ్వొచ్చిన సంగతి. ఫ్లైవీల్ మీది రెండు గాట్లు రుద్దించేశావా? పుట్టీ కూడా పెట్టించావా? నీ కళ్ళజోడు పెట్టుకునే చేశావా ఆ పని?

సరే. నేనేమీ చెప్పను. చదువుకున్నవాడివి, కేటలాగు ఉంది, టోపీలున్న పదకొండు తలకాయలున్నాయి. రంగు ఆరాక ఆ చక్రానికి తాడు చుట్టి, ఇంజను స్టార్టు చెయ్యడానికి ఒకసారి లాగు. తర్వాత నాకు ఉత్తరం రాయి, రాయగలిగితే.

టిల్లరు నువ్వే ఉంచుకో. దానికి కూడా రంగేసుకుందువు గాని.

ఆకురాయి వేలిముద్ర

*

మేడ మీది గది
మంగళవారం

వదినగారికి,

ఇది నేను చెబుతుంటే మా ఆవిడ రాస్తోంది. నా కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాల కట్టు.

శనివారం సాయంత్రం క్లబ్బు సభ్యులందరి ముందు తాడు లాగాను. ఇంజను ఒక్కసారి తుమ్మి, తాడుని వెనక్కి గుంజేసింది. చెయ్యి తాడుతోనే వెళ్ళింది. ఆ తర్వాత ముగ్గురు మెకానిక్కులు చూశారు. నిప్పు పడుతోంది, పెట్రోలు వస్తోంది, గాలి లాగుతోంది. నిప్పు పడే సమయాన్ని పుస్తకంలో చెప్పినట్టు, ఫ్లైవీల్ మీది కంపెనీ గుర్తుకి సరిగ్గా కలిపారు. అయినా లాగితే వెనక్కి తంతుంది. మూడో మెకానిక్ రెండు వేళ్ళు వాచిపోయి వెళ్ళిపోయాడు.

క్లబ్బు నియమం ప్రకారం బండి తనంతట తాను స్టార్టయి మైదానం చుట్టూ ఒక చుట్టు తిరగాలి. తిరక్కపోతే దాన్ని పునరుద్ధరణ అనరు, బొమ్మ అంటారు. అధ్యక్షుడు ఇప్పటికే ఆ మాట ఒకసారి అన్నాడు, నవ్వుతూ. ప్రదర్శనకి ఇంకా మూడు వారాలే ఉంది.

అన్నయ్య ఈ ఇంజను గురించి ఏదైనా నోటుబుక్కులో రాసుకునేవాడా? ఉంటే దయచేసి పంపగలరు. మీకు అర్థం కాకపోయినా నాకు అర్థమవుతుంది.

మీ మరిది

అక్కా, ఈ నాలుగు ముక్కలు నావి, ఆయనకి చూపించను. ఇల్లంతా ప్లాస్టిక్ సంచులే. నిన్న పప్పు డబ్బా అనుకుని తీస్తే బోల్టులు. మీ చెక్కదిమ్మ చెత్తలో వేయబోతుంటే నేను తీసి వంటింటి తలుపుకి అడ్డం పెట్టుకున్నాను. భద్రంగా ఉంది. మీ తోడికోడలు.

*

మొక్కల తోట, వెనక వాకిలి
శనివారం

మరిదికి,

చెయ్యి విరుగుతుందనుకోలేదు. వేళ్ళు వాస్తాయి, గర్వం కాస్త దిగుతుంది అనుకున్నాను. అంత గట్టిగా తాడు చుట్టుకుంటావని నాకేం తెలుసు? ఇంజను తాడుని చేతికి చుట్టుకోకూడదన్నది నా పిల్లికి కూడా తెలుసు. ఈ ఒక్క విషయంలో నాది తప్పు. ముందే చెప్పాల్సింది. అది ఇక్కడ రాయించాను, మళ్ళీ అడక్కు.

ఇప్పుడు నువ్వు కూడా ఇంకొకరి చేత రాయించుకునేవాడివయ్యావు. ఎలా ఉంది? చెప్పేది ఒకటి, అవతలి మనిషి మొహంలో కనిపించేది ఇంకోటి, కదూ.

నోటుబుక్కు లేదు. ఆ ఇంజను గురించి ఎవరూ ఏమీ రాసుకోలేదు. రాసుకోవాల్సిందంతా ఆ చక్రం మీదే ఉండేది, రెండు గీతల్లో. నువ్వు రుద్దేశావు.

అది ఎందుకు తంతోందో నాకు తెలుసు. ఉత్తరంలో చెప్పను. చెబితే నువ్వు దాన్ని కూడా చీటీ రాసి ప్లాస్టిక్ సంచిలో వేస్తావు. బండిని ఇక్కడికి తీసుకురా. దాని దిమ్మ దానికి పెట్టు. నా షెడ్డులో, నా నేల మీద, ఒక పూటలో నడిపించి చూపిస్తాను. తర్వాత అది కదలదు.

ఇక ఆ బోర్డు. "తన చేతులతో కాపాడిన" అని రాయించావట. ఆ మాట తీసెయ్. ఎందుకని అడక్కు. నేను అబద్ధానికి మొక్కను, నిజం చెప్పను. మధ్యలో ఉండనీ.

నా తోడికోడలికి నా దీవెన. ఆ ఇంట్లో బుర్ర ఉన్నది ఒక్కదానికే.

ఆకురాయి వేలిముద్ర

*

మేడ మీది గది
గురువారం

వదినగారికి,

ఇది ఎడమ చేత్తో నేనే రాస్తున్నాను. మా ఆవిడ ముందు చెప్పలేని మాటలివి. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించాలి.

మీ ఉత్తరం చూశాను. అన్నయ్యకి పానాలు అందించినంత మాత్రాన, ఆయన పోయాక నట్లు రెండు బిగించినంత మాత్రాన మీకు ఇంజను తెలుసనుకోవడం అమాయకత్వం. ముగ్గురు మెకానిక్కులకి, పుస్తకానికి తెలియనిది మీకు తెలుసా?

బోర్డు మీద ఆ మాట ఎందుకు వద్దన్నారో నాకు అర్థమైంది. మీరు దాస్తున్నది నాకు ఎప్పుడో తెలుసు. అన్నయ్య తాగేవాడు. మా కొత్త ఇంటికి వచ్చిన రోజు ఉదయం పదకొండు గంటలకి గ్లాసు పట్టుకోలేక నీళ్ళు ఒళ్ళంతా పోసుకున్నాడు. నేను దగ్గరికి వెళితే చేతులు జేబులో దాచుకుని మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత నేను ఆయన్ని పిలవడం తగ్గించాను. ఆ వంకర గాట్లు, ఆ మోటు పనులు తాగిన చేతులవే. అవి రుద్దించింది మార్కుల కోసమే కాదు. అన్నయ్య పరువు కోసం కూడా. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

అధ్యక్షుడి దగ్గర వేరే ఇంజను ఉంది. సోమవారం కాక పై సోమవారం దాన్ని బిగిస్తారు. పాతది తుక్కుకి పోతుంది. ఈ వ్యవహారం ఇంతటితో ముగిద్దాం.

మీ మరిది

*

మొక్కల తోట, ముందు గది
శనివారం

మరిదికి,

ఈ ఉత్తరం రాస్తున్నది టైలరమ్మ కాదు. నా కూతురు.

నీ ఉత్తరం చదువుతూ టైలరమ్మ సగంలో ఆగిపోయింది. "ఏముంది?" అన్నాను. "ఏం లేదు పెద్దమ్మా, చెయ్యి నొప్పిగా ఉందట" అంది. ఆవిడకి అబద్ధమాడటం చేతకాదు, కాజాలు కుట్టడమే చేతవును. అప్పుడే నా కూతురు మొక్కలకి నీళ్ళు పట్టి లోపలికొచ్చింది. ఆవిడ చేతిలోంచి కాగితం తీసుకుని చివరిదాకా పైకి చదివింది. చదివి, "అమ్మా, నాన్న తాగేవాడా?" అని అడిగింది.

ఇరవై ఆరేళ్ళు నోరు కట్టుకున్నదాన్ని. ఈ నోరు సంగతి నీకు తెలుసు. దాన్ని కట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకో. మీ అన్న మాట తీసుకున్నాడు కాబట్టి కట్టుకున్నాను. కానీ మాట తీసుకున్నది పరువు కోసం. ఆ మాట వల్లే సొంత తమ్ముడు ఆయన్ని తాగుబోతు అంటుంటే ఇక ఆ మాట నిలబెట్టి ఎవరికి ఒరగబెట్టాలి? కాబట్టి చెబుతున్నాను. ఇది సాక్ష్యం అనుకో.

మీ అన్న ఒక్క రోజు కూడా తాగలేదు. ఆయన చేతులకి వణుకు జబ్బు వచ్చింది. నరాలది. మందుల్లేవన్నారు. నా కూతురు ఉద్యోగానికి వెళ్ళిన ఏడాదే మొదలైంది. ఒక రోజు ఎవరిదో నీళ్ళ మోటారు బాగుచేస్తూ చిన్న మర ఒకటి కింద పడేశాడు. తీసి పెట్టబోయాడు, మళ్ళీ పడింది. మూడోసారీ పడింది. నాలుగోసారి నేను తీసి బిగించాను. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే షెడ్డుకి తెర కట్టి ఉంది. నా పాత దుప్పటి.

ఆ తర్వాత ఆయన పోయేదాకా ఇరవై రెండేళ్ళు ఆ తెర వెనక ఉన్నది నేను. ఆయన బయట బల్ల మీద కూర్చునేవాడు, చేతులు తువ్వాలు కింద పెట్టుకుని. ఇంజన్లు పట్టుకుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. "లోపల పెట్టి వెళ్ళండి, నూనెలో నానాలి, సాయంత్రం రండి" అనేవాడు. నానింది నేను. ఆడది ఇంజను ముట్టుకుందంటే ఆ మర్నాటి నుంచి ఒక్కడు రాడని ఇద్దరికీ తెలుసు. ఆయన చెప్పేవాడు, నేను చేసేదాన్ని. నేను లోపల ఇంజను నడిపిస్తే ఆయన బయట్నుంచి చెవితో పట్టేవాడు. ఒక్క దగ్గు దగ్గాడంటే పెట్రోలు ఎక్కువైందని. రెండు దగ్గులంటే తక్కువైందని. "దగ్గుకి ఏదైనా పుచ్చుకోండి పెద్దాయనా" అని వచ్చినవాళ్ళు జాలి పడేవాళ్ళు. "ఏం పుచ్చుకున్నా పోయేది కాదు బాబూ" అనేవాడు. లోపల నేను నోట్లో గుడ్డ కుక్కుకునేదాన్ని, నవ్వాపుకోవడానికి.

నీ కొత్త ఇంటికి వచ్చిన రోజు నేను పక్కన లేను. ఉంటే గ్లాసు నేను పట్టుకునేదాన్ని. ఇంటికొచ్చి, "తమ్ముడు చూశాడే" అన్నాడు. "చూస్తే చూశాడు, చెప్పెయ్" అన్నాను. "వాడు నన్ను చూసి మెకానిక్ అవుదామనుకున్నవాడు. వాడికొక్కడికీ చెప్పకు" అన్నాడు. నువ్వు పిలవడం మానేశావు. ఆయన ఎదురుచూడటం మానలేదు.

ఇప్పుడు ఆ గాట్లు. పద్దెనిమిదేళ్ళ కింద పొట్టిదాని ఫ్లైవీల్ పగిలింది. తుక్కు కొట్లో అదే కంపెనీది, వేరే రకం బండిది దొరికింది. బిగించాం. దాని మీద కంపెనీ వాళ్ళు పెట్టిన గుర్తు ఆ వేరే బండికి సరిపోయేది, మనదానికి కాదు. ఆ గుర్తుకి కలిపితే నిప్పు ముందే పడుతుంది, పైకొచ్చే పిస్టను మొహం మీద కొట్టినట్టు. అప్పుడు తాడు వెనక్కి తంతుంది. నీకు తెలుసు కదా ఎలా తంతుందో. నీ ముగ్గురు మెకానిక్కులు పుస్తకం చూశారు, గుర్తు చూశారు, పిస్టను ఎక్కడుందో చూడలేదు.

మీ అన్న ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో సన్నటి పుల్ల పెట్టించాడు. నేను చక్రం తిప్పుతూ పుల్ల ఎంత లేచిందో చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని లెక్క కట్టి, "ఇక్కడ" అన్నాడు. నేను ఉలి ఆనించాను. "ఒక్క దెబ్బ నన్ను కొట్టనీవే" అన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఆయన సుత్తి పట్టుకోలేదు. ఇచ్చాను. చెయ్యి వణికి ఉలి జారింది. గీత వంకరగా పడింది. "చెడగొట్టాను" అన్నాడు. నేను దాని పక్కనే నిటారుగా ఇంకోటి కొట్టి, "నాది గుర్తు, నీది సంతకం" అన్నాను.

ఇనుము మీద ఆయన కొట్టిన ఆఖరి దెబ్బ అది. ఆయన పోయాక రోజూ పొద్దున్న తాడు చుట్టే ముందు బొటనవేలితో తడుముకునేదాన్ని, కళ్ళు మసకబారాక కూడా. నువ్వు దాన్ని అసహ్యంగా ఉందని పుట్టీ పెట్టి మూశావు.

చెప్పాల్సింది అయిపోయింది. ఇక నీ ఇష్టం. ఆ ఇంజనుని తుక్కుకి వేస్తావో, వేరేదాన్ని తెచ్చి దాని గుండెలో పెట్టి మైదానం చుట్టూ తిప్పి చప్పట్లు కొట్టించుకుంటావో. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు దాన్ని ఎవరూ ప్రేమించలేదు.

ఆకురాయి వేలిముద్ర

బాబాయ్, అమ్మ చెప్పింది ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. సెలవులకి వచ్చినప్పుడల్లా నాన్న తువ్వాలు కింద చేతులు పెట్టుకోవడం నేనూ చూశాను. చలేమో అనుకున్నాను. ట్రాక్టరు నీకు ఇచ్చింది నేను. తిరిగి అడుగుతున్నది కూడా నేనే.

*

మేడ మీది గది
బుధవారం

వదినా,

పన్నెండేళ్ళప్పుడు నీ ఇంటికొచ్చినవాణ్ణి. అప్పుడు నువ్వు అనేవాణ్ణి. ఎప్పుడు మీరు అయ్యావో గుర్తు లేదు. ఈ కాగితం వరకైనా నువ్వు అంటాను.

ప్రదర్శన నుంచి పేరు వెనక్కి తీసుకున్నాను. అధ్యక్షుడు, "ఇంజను నడవలేదని ఒప్పుకున్నట్టేగా" అన్నాడు. ఒప్పుకున్నాను. బోర్డు చెక్క తిరగేసి గోడకి ఆనించాను.

నిన్న ఫ్లైవీల్ మీద రంగు గీకి, పుట్టీ తీసి చూశాను, ఎడమ చేత్తో. అడుగున ఏమీ మిగల్లేదు. నున్నగా ఉంది. చాలాసేపు వేలితో తడిమాను.

అన్నయ్య ఎదురుచూశాడని రాయించావు. ఆ వాక్యం మా ఆవిడకి చదివి వినిపించలేకపోయాను.

వచ్చే వారం గురువారం లారీ వస్తుంది. దిమ్మ కూడా వస్తుంది. మా వంటింటి తలుపు ఇప్పుడు కొట్టుకుంటోంది.

ఒక్క కోరిక. మా క్లబ్బులో ప్రతి యంత్రానికీ ఒక చరిత్ర పుస్తకం ఉంటుంది. ఎవరు కాపాడారు, ఏమేం మార్చారు అన్నది అందులో రాస్తారు. పొట్టిదాని పేజీలో నేను రాసినదంతా కొట్టేశాను. నీ మాటల్లో ఒక కాగితం పంపు. అతికిస్తాను.

నీ మరిది

*

మొక్కల తోట, షెడ్డు
ఆదివారం

మరిదికి, నీ ద్వారా ఆ పదకొండు టోపీలకి,

నా పేరు, వయసు, ఇల్లు మొదటి కాగితంలో చెప్పాను. మళ్ళీ చెప్పను. ఈసారి అక్షరాలు నా కూతురివి. టైలరమ్మ పక్కన కూర్చుని తప్పులు వెతుకుతోంది.

గురువారం ట్రాక్టరు అందింది. ఎర్రగా, లిప్‌స్టిక్ పెట్టుకున్న దున్నపోతులా ఉంది. సీటు ఎత్తుగా ఉంది, తిరిగి దించాను. ఆ కొత్త స్ప్రింగులు నీకు పంపుతాను, ప్లాస్టిక్ సంచిలో. చీటీ నువ్వు రాసుకో. దిమ్మ మాత్రం చెక్కుచెదరలేదు, దాన్ని ఉంచుకున్నది ఆడది కాబట్టి.

లారీతో పాటు నువ్వూ దిగావు. మీ అన్న బల్ల మీద కూర్చున్నావు. తెర ఎప్పుడో తీసేశాను కాబట్టి లోపల నేను చేసిందంతా నువ్వు చూశావు. అయినా నువ్వు చూసింది నీకు సరిగ్గా అర్థమై ఉండదు, అందుకే రాయిస్తున్నాను. ప్లగ్గు తీశాను. పుల్ల పెట్టాను. నా కూతురు చక్రం తిప్పింది. లెక్క కట్టే మనిషి లేడు కాబట్టి ఆయన కట్టిన లెక్క జ్ఞాపకం తెచ్చుకుని కట్టాను. ఉలి ఆనించి సుత్తి వేశాను.

గీత వంకరగా పడింది.

డెబ్బై నాలుగేళ్ళ చెయ్యి. కావాలని కొట్టింది కాదు. నువ్వు లేవబోయి మళ్ళీ కూర్చున్నావు. సుత్తి నా కూతురికి ఇచ్చాను. అది జీవితంలో మొదటిసారి సుత్తి పట్టుకుంది, పక్కనే నిటారుగా ఒకటి కొట్టింది. గుర్తు దానిది, సంతకం నాది.

తాడు ఎవరూ చేతికి చుట్టుకోలేదు. రెండో లాగుకి స్టార్టయింది. కాస్త గరగరలాడింది. అప్పుడు బల్ల మీద నుంచి నువ్వు ఒక్కసారి దగ్గావు. పెట్రోలు నిజంగానే ఎక్కువగా ఉంది. తగ్గించాను. కాకతాళీయమనుకుంటాను. నీకు అంత చెవి ఉందని ఒప్పుకునే ఉద్దేశం ఇప్పట్లో లేదు.

శుక్రవారం, శనివారం పద్నాలుగు మడులు దున్నాను. ముందు చక్రాల దగ్గర మీ మూడు పూతల రంగు పోయింది. వెనక రెక్క మీద రాయి తగిలి సొట్ట పడింది. చరిత్ర పుస్తకంలో అవి కూడా రాయండి. మార్కులెన్ని తీసేస్తారో తీసేసుకోండి. టోపీలు ఎవరైనా వచ్చి చూస్తామంటే రావచ్చు. బూట్లు బయట విప్పక్కర్లేదు, మట్టిలో నిలబడితే చాలు. మళ్ళీ మడులు దున్నే రోజు నువ్వు రా. చెయ్యి బాగుపడి ఉంటే నడిపిస్తాను. కాలు అందుతుంది కదా నీకు, దిమ్మ ఉన్నా సర్దుకో.

పైన చెప్పినదంతా నిజం. చదివి వినిపించగా విన్నాను. కింద ఉన్నది నా ఎడమ బొటనవేలి ముద్ర. సిరా కాదు, ఇంజను నూనె.

ఆకురాయి వేలిముద్ర

సాక్షులు:
ఒకటి, నా కూతురు. సంతకం పెట్టింది.
రెండు, టైలరమ్మ. సంతకం పెట్టింది, కింద ఒక పువ్వు కూడా వేసింది, ఎందుకో తెలియదు.
మూడు, ఈ చోటు ఖాళీగా ఉంచాను. ఆ రోజు బల్ల మీద కూర్చుని చూసినవాడివి నువ్వే. ఎడమ చేత్తో పెట్టు. వంకరగా వస్తే రుద్దకు.